అరగంటకో గ్లాసు

బేకరీ వెనక గది,
ఎండలు ముదరకముందే.

అక్కా,

బాగున్నావా అని అడగను. బాగున్నానంటావు. జ్వరంతో మూలుగుతూ కూడా బాగున్నాననే మనిషివి నువ్వు. పోనీ ఫోన్‌లో అడుగుదామా అంటే మన సంగతి తెలిసిందే, మూడో మాటకల్లా ఎవరో ఒకరం ఠక్కున పెట్టేస్తాం. కాగితం మీదైతే నువ్వు మధ్యలో అడ్డు తగలలేవు. అందుకే రాస్తున్నాను.

విషయం నీళ్లు.

ఈసారి ఎండలు అప్పుడే చంపుకు తింటున్నాయి. నేను పొయ్యి తలుపు తెరిస్తే లోపలి వేడి ఎక్కువో బయటి వేడి ఎక్కువో తెలియడం లేదు. పిండి కలిపి అటు తిరిగి ఇటు తిరిగేలోపు పొంగి కూర్చుంటోంది. ఇంత వేడిలో నేను నిలబడగలుగుతున్నానంటే నీళ్ల వల్లే. నా పక్కన పెద్ద కూజా ఉంటుంది. గంట గంటకీ, దాహం వేసినా వేయకపోయినా తాగుతాను. దాహం వేసేదాకా ఆగితే అప్పటికే ఆలస్యమైపోయినట్టు. ఒక్కసారిగా గటగటా కాదు, కొంచెం కొంచెంగా తాగాలి. టీ తాగి నీళ్లు తాగాననుకోకూడదు. చెమట ధారలు కట్టిన రోజు నీళ్లలో చిటికెడు ఉప్పు, కాస్త పంచదార కలుపుకోవాలి. ఇంకో మాట, సిగ్గుపడకుండా చదువు. ఒంటికి వెళ్లినప్పుడు రంగు చూసుకోవాలి. లేత రంగులో ఉంటే సరే. అమ్మ కాచే టీ రంగులో ఉంటే మాత్రం నువ్వు ఎండిపోతున్నావని అర్థం.

నువ్వేమో రోజంతా ఇంజను పక్కన కూర్చుని బస్సు నడుపుతావు. నీ సీటు కింది వేడి నా పొయ్యికి పిన్ని కూతురు లాంటిది. రోజుకి ఎన్ని సీసాలు తాగుతున్నావో నిజం రాయి. అంత దూరం వచ్చి లెక్కపెట్టలేను కాబట్టి నిజమే రాయాలి.

నీ మరదలు నిన్ను అడిగానని చెప్పమంది. ఇప్పుడే దుకాణంలో బల్ల తుడుస్తూ, "మీ అక్కకి నీళ్ల గురించి రాస్తున్నారా? మీరా?" అని అడిగి నవ్వుకుంటూ వెళ్లింది. ఆవిడ నవ్వులకి అర్థాలు వెతకడం నేను మానేసి చాలా కాలమైంది.

నీ తమ్ముడు


డిపోలో డ్రైవర్ల గది,
పంకా మొరాయించిన మధ్యాహ్నం.

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉపన్యాసం అందింది. గదిలో అందరికీ చదివి వినిపించాను, రంగు గురించిన భాగంతో సహా. ఇద్దరు లేచి వెళ్లి చూసుకుని వచ్చారు. ఒకాయన వచ్చాక ఎవరితోనూ మాట్లాడలేదు.

నీళ్ల గురించి చెప్పేవాడివి నువ్వొక్కడివే అనుకుంటున్నావేమో. మాకు డిపో మేనేజరు ఉన్నాడు. చెడ్డమనిషి కాదు. కాకపోతే నోటితో చెప్పిన మాట ఆయనకి చెప్పినట్టే ఉండదు, టైపు చేయించి గోడకి అంటించాలి. కుర్చీ జరిపితే సర్క్యులర్, గోడకి ఆనుకుంటే సర్క్యులర్. అందుకే అందరం ఆయన్ని సర్క్యులర్ సారు అంటాం. నిన్న కొత్తది పుట్టింది. "ఎండల దృష్ట్యా సిబ్బంది యావన్మందీ విధి నిర్వహణలో అరగంటకొక గ్లాసు నీళ్లు తప్పనిసరిగా తాగవలెను. తాగనివారిపై చర్య తీసుకొనబడును." ఇలాంటివి చదివితే తాగుదామనుకున్న దాహం కూడా పారిపోతుంది.

పైన ఆయన ఉత్తర్వు, ఇంటికొస్తే నీ ఉత్తరం. ఇంకా తాగక ఏం చేస్తాను? సీసా ఎప్పుడూ నా సీటు పక్కనే ఉంటుంది. నువ్వన్నట్టే కొంచెం కొంచెంగా తాగుతున్నాను. ఒంట్లో నిక్షేపంగా ఉంది. నువ్వు నీ రొట్టెలు చూసుకో.

ఈ కవరు మా కండక్టరు చేత డబ్బాలో వేయిస్తున్నాను. నీకు చెప్పానుగా, ఇంట్లో వాళ్లాయన్ని భోజనానికి పిలవాలన్నా "రైట్ రైట్" అనే పిలుస్తుందని. ఆ రైట్‌రైటే.

అక్క

తమ్ముడుగారికి రైట్‌రైట్ రాసుకునేది. డబ్బాలో వేయమన్న ఉత్తరం చదవకూడదు. చదివాను. మీ అక్క సీసా సంగతి నిజమే, సీటు పక్కనే ఉంటుంది. పొద్దున ఎంత నిండుగా వస్తుందో సాయంత్రం అంతే నిండుగా ఇంటికి వెళ్తుంది. దానికి రోజూ టిక్కెట్టు లేకుండా ఊరు చూపిస్తున్నాం. మొన్న జరిగింది కూడా ఆవిడ మీకు రాయలేదు చూశారా. అది నేను రాయను, మీరే అడగండి.


బేకరీ వెనక గది,
రొట్టెలు పొయ్యిలో ఉండగా.

అక్కా,

మొన్న ఏం జరిగింది?

ఈ ఒక్క ముక్కకే జవాబు రాయి, మిగతా కబుర్లు అక్కర్లేదు. సీసాకి ఊరు చూపిస్తున్నావట. నీకంటే నా పిండి నయం, ఎన్ని నీళ్లు పోసినా మారుమాట లేకుండా తాగుతుంది.

నువ్వు రాయకపోతే నేనే బయల్దేరి వస్తాను. నీ బస్సే ఎక్కి, సరిగ్గా నీ వెనక సీట్లో కూర్చుని, స్టాపు స్టాపుకీ అందరికీ వినపడేలా "అక్కా, నీళ్లు తాగావా?" అని అడుగుతాను. అన్నంత పనీ చేస్తానని నీకు తెలుసు.

తమ్ముడు


చివరి స్టాపు, బస్సులోనే,
ఎక్కేవాళ్లెవరూ లేని వేళ.

తమ్ముడూ,

రైట్‌రైట్ ఎదురు సీట్లో కూర్చుని "రాయండి, నిజం రాయండి" అని కాపలా కాస్తోంది. కాబట్టి రాస్తున్నాను.

ఇది చెప్పకూడనిదేమీ కాదురా. ఎవరికీ చెప్పుకోబుద్ధి కాదు, అంతే. నా రూటు ఊరి ఈ కొస నుంచి ఆ కొసకి. డిపోలో మరుగుదొడ్డి ఉంది. చివరి స్టాపులోనూ ఉంది. చిన్న గది, పచ్చ తలుపు, దానికి తాళం. "తనిఖీ అధికారుల నిమిత్తం" అని పైన బోర్డు. తాళంచెవి మాత్రం అక్కడెక్కడో డిపోలో, మేనేజరు గదిలో మేకుకి వేలాడుతూ ఉంటుంది. ఆ తనిఖీ అధికారులు ఎలా ఉంటారో ఎవరమూ చూసి ఎరగం. తాళం తీయమని అడిగాం. అర్జీ రాయమన్నాడు. రాశాం. అర్జీ పరిశీలనలో ఉందని గోడకి సర్క్యులర్ అంటించాడు.

మగ డ్రైవర్లు గోడ చాటుకి వెళ్లి వస్తారు. మేమెక్కడికి వెళ్తాం? మొదట్లో స్టాపుకి ఎదురింట్లో ఉండే దర్జీ ఆవిడ దగ్గరికి వెళ్లేవాళ్లం. మంచిమనిషి, ఏనాడూ కాదనలేదు. కానీ రోజూ వెళ్లి తలుపు కొడితే ఎంత మంచివాళ్లకైనా మొహం మారుతుంది. అది మారకముందే మేం మానేశాం. నీళ్లు తాగకపోతే ఆ బాధే ఉండదు కదా. ఆడవాళ్లం అందరం చేసేది ఇదే. పొద్దున ఇంట్లో ఒక గుటక, మళ్లీ సాయంత్రం ఇంటికి చేరాకే.

మొన్న వంతెన దిగి మలుపు తిరుగుతుంటే ఎదురుగా రోడ్డు తెల్లబడిపోయింది. ఎండకి మెరవడం కాదు, రోడ్డే లేదు. చెవుల్లో హోరు. కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది కనక సరిపోయింది. బస్సు గోడకి చెయ్యి పట్టేంత దూరంలో ఆగింది. నిండా జనం. నా వెనక సీట్లో ఒకావిడ పాపని ఒళ్లో పడుకోబెట్టుకుని ఉంది. పాప నిద్ర కూడా చెదరలేదు. "ఏమైందమ్మా?" అని వెనక నుంచి ఎవరో అడిగితే "ఇంజను వేడెక్కింది" అన్నాను. ఇంజను పాపం నోరెత్తలేదు. రైట్‌రైట్ వచ్చి ఆ సీసా మూత తీసి, నా తల పట్టుకుని తాగించింది.

భయపడ్డానురా. నాకేదో అవుతుందని కాదు. ఆ పాప అద్దంలో కనిపిస్తూనే ఉంది, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతూ.

అమ్మతో అనకు. నీకు పక్కనే కూజా ఉంది, ఈ అవస్థ నీకు లేదు. నాకు అదొక్కటే తృప్తి.

అక్క


ఆసుపత్రి వరండా,
చేతిసంచి మీద కాగితం పెట్టుకుని.

వదినకి మీ మరదలు రాసేది.

ముందే చెప్పేస్తున్నాను, ప్రాణానికి ఏమీ భయం లేదు. కాబట్టి కూర్చుని చదవండి. మీ తమ్ముడు ఆసుపత్రిలో ఉన్నారు. మూత్రపిండంలో రాయి. మీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు. నోటితో చెప్పనని వేశాను, రాయనని వేయలేదు.

ఆ కూజా సంగతి మీకు తెలియాలి. కూజా నిజంగానే ఉంది. అందులో నీళ్లు పిండి కలపడానికి, చేతులు కడుక్కోవడానికి, పొయ్యి ముందు నేల చల్లబరచడానికి. ఆయన తాగేది టీ. పక్కకి కదిలితే రొట్టె మాడుతుందని పొద్దుగూకులూ టీ మీదే గడుపుతారు. నేను గ్లాసు పట్టుకెళ్తే తల తిప్పకుండా "అక్కడ పెట్టు" అంటారు. సాయంత్రానికి బల్ల మీద గ్లాసులు బడిపిల్లల్లా వరసగా నిలబడి ఉంటాయి. ఆ నీళ్లన్నీ కుండీల్లో పోస్తాను. మా మొక్కలు కళకళలాడుతున్నాయి. మనిషే ఇలా అయ్యారు.

మీ ఉత్తరం వచ్చిన రోజే నొప్పి మొదలైంది. "అక్క బస్సు గోడకి తగిలేదట" అంటూ ఆ కాగితం చేత్తో పట్టుకునే నేల మీద మెలికలు తిరిగారు. నాకు ఏడవాలో తిట్టాలో తెలియలేదు. దారి పొడుగునా రెండూ చేశాను.

పెద్దవారు, మిమ్మల్ని అనకూడదు. కానీ మీ అక్కాతమ్ముళ్లిద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి గరాటుతో నీళ్లు పోయాలని ఉంది.


డిపో,
మేనేజరు గది బయటి బెంచీ.

ఉపన్యాసకులవారికి,

"గంట గంటకీ, దాహం వేసినా వేయకపోయినా." ఎవరి మాటలో గుర్తుపట్టావా? పడుకునే ఉన్నావుగా, తీరిగ్గా గుర్తు తెచ్చుకో. రంగు చూసుకోమని మా గదిలో వాళ్లకి నేర్పావు, నీది చూసుకునేటప్పుడు కళ్లు ఎక్కడ పెట్టుకున్నావు? ఆ ఉత్తరం చదివినప్పటి నుంచీ మావాళ్లు నిన్ను డాక్టరుగారనే అంటున్నారు. ఇప్పుడు వాళ్లకి ఏ మొహంతో చెప్పను?

నాకైతే మరుగుదొడ్డికి తాళం ఉంది. నీకేం వచ్చింది? నీ పొయ్యి వెనకే ఉంది కదరా.

తిట్టడం అయింది. ఇప్పుడు చెప్పు, నొప్పి ఎలా ఉంది? మరదలు ప్రాణానికి భయం లేదని రాసిన చోట అక్షరాలు వంకరగా ఉన్నాయి. అది చూశాక నాకు స్టీరింగు మీద ధ్యాస నిలవడం లేదు. సెలవు అడుగుదామని ఈ బెంచీ మీద కూర్చున్నాను. లోపల ఆయన ఇంకేదో సర్క్యులర్ చెప్పి రాయిస్తున్నాడు, గొంతు వినిపిస్తోంది. ఎండాకాలం మనుషులు చాలడం లేదంటాడు, ఇవ్వడు.

ఇకనుంచి మనం ఒకరికొకరం నిజమే రాసుకుందాం. అబద్ధాలు ఆడక తప్పదంటే ఊళ్లో ఇంతమంది ఉన్నారు, వాళ్లతో ఆడదాం.

అక్క


వార్డు,
కిటికీ పక్క మంచం.

అక్కా,

నిజం రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. పొయ్యిలో చెయ్యి కాల్చుకోవడం నాకు అలవాటే. ఈ నొప్పి ముందు అది ఎవరో బుగ్గ నిమిరినట్టు. ఇప్పుడు తగ్గింది.

ఇక్కడి డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకి పెట్టి చూసి, "ఏం పని చేస్తారు?" అని అడిగింది.

"బేకరీ అండి. పొయ్యి దగ్గర."

"నీళ్లు తాగుతారా?"

"తాగుతానండి."

"మీరు తాగుతున్నానంటున్నారు, ఈ రాయేమో తాగలేదంటోంది. ఎవర్ని నమ్మమంటారు?"

నీ మరదలు నా వెనక నుంచి, "రాయినే నమ్మండి డాక్టరుగారూ" అంది.

రాయి చిన్నదేనట. బాగా నీళ్లు తాగుతూ ఉంటే దానంతటదే పోతుందట. నర్సమ్మ గ్లాసు చేతికిచ్చి, అది ఖాళీ అయ్యేదాకా పక్కనే నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడుతుంది. పక్క మంచం మీద రోడ్లు వేసే మేస్త్రీ ఉన్నాడు, ఎండదెబ్బ తగిలి వచ్చాడు. ఇద్దరం గ్లాసులు తాకించుకుని మరీ తాగుతున్నాం.

ఎందుకు తాగలేదని అడిగావు. పనిలో ఉన్నప్పుడు దాహమంటే ఎవరో గుమ్మంలోంచి పిలిచినట్టు ఉంటుంది. "ఉండు, వస్తున్నా" అంటాను. ఎంతసేపని పిలుస్తుంది? కాసేపటికి విసుగొచ్చి వెళ్లిపోతుంది. వెళ్లిపోయింది కదా, అవసరం లేదన్నమాట అనుకునేవాణ్ణి.

ఇక నీ సంగతి. మంచం మీద ఉన్నవాడికి ఆలోచించడం తప్ప పనేముంది? మీ సర్క్యులర్ సారు చెప్పిన మాటలో తప్పు లేదు. కాకపోతే తాగిన నీళ్లు ఆ తరవాత ఏమవుతాయో ఆయనకి తట్టలేదు. ఆయన కుర్చీలోంచి లేస్తే మరుగుదొడ్డి ఎదురుగానే ఉంటుంది కదా. నువ్వు ఆయనకి కాగితం రాసి లాభం లేదు. కాగితం ఆయన రాజ్యం, అక్కడ ఎప్పుడూ ఆయనే గెలుస్తాడు. బస్సు నీ రాజ్యం. ఒకరోజు ఎక్కించు. ఆయన ఉత్తర్వుని అక్షరం పొల్లుపోకుండా ఆయన చేతే పాటింపజేయి. ఎంతో మర్యాదగా సుమా. మన లెక్కల మాస్టారు పాఠం చెప్పడానికి ఇంటికొస్తే, తినడానికి పెట్టీ పెట్టీ కదల్లేకుండా చేసి లెక్కలు తప్పించుకునేవాళ్లమే, అలాంటి మర్యాద.

నువ్వు తెలివైనదానివి. మిగతాది నేను రాయక్కర్లేదు.

తమ్ముడు


మా వంటగది,
కాళ్లు రెండూ బకెట్టు నీళ్లలో పెట్టుకుని.

తమ్ముడూ,

అయింది. కూర్చుని చదువు. నవ్వితే నొప్పి వస్తుందేమో డాక్టరమ్మని అడిగి మరీ చదువు.

నేనూ రైట్‌రైటూ కలిసి ఆయన గదికి వెళ్లాం. "సార్, మీ నీళ్ల సర్క్యులర్ బస్సుల్లో ఎంత బాగా అమలవుతోందో మీరు స్వయంగా చూడాలి. ప్రయాణికులు కూడా మెచ్చుకుంటున్నారు" అన్నాను. మనిషి మొహం వెలిగిపోయింది. ఇన్నేళ్లలో ఆయన సర్క్యులర్‌ని మెచ్చుకోవడానికి వచ్చినవాళ్లం మేమే. పాపం, అప్పుడే నాకు కొంచెం మనసు పీకింది. అయినా పట్టించుకోలేదు.

మిట్టమధ్యాహ్నం ట్రిప్పుకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు. ముందు సీట్లో కూర్చోబెట్టాం. రైట్‌రైట్ రెండు క్యాన్ల చల్లటి నీళ్లు, గ్లాసులు సిద్ధం చేసింది. రోజూ ఎక్కేవాళ్లకి ముందే చెవిలో వేసి ఉంచింది. బస్సు గేటు దాటకముందే మొదటి గ్లాసు, నిమ్మకాయ పిండి మరీ ఇచ్చింది. తాగి, "బాగుంది" అన్నాడు. బజారు స్టాపులో పండ్లమ్మే ఆవిడ ఎక్కి, "ఈ సారేనా నీళ్లు తాగమని రాసింది? చల్లగా ఉండండి బాబూ" అని పుచ్చకాయ ముక్కలు చేతిలో పెట్టింది. కాదనగలడా? తరవాతి స్టాపులో రిటైరైన హెడ్మాస్టరుగారు ఎక్కి, తన సీసా మూతలో పోసి ఇచ్చి, "మీ ఉత్తర్వు మా ఇంట్లో కూడా పాటిస్తున్నామండీ" అన్నారు. ఇలా ఒకరి తరవాత ఒకరు. పెళ్లికొడుక్కి కూడా అంత మర్యాద జరగదు.

ఇంతవరకూ నేను అద్దంలో చూస్తూ లోలోపల నవ్వుకుంటున్నాను. అప్పుడు ఆయన, "డ్రైవరమ్మ తాగడం లేదేం? ఉత్తర్వు అందరికీ వర్తిస్తుంది" అన్నాడు.

రైట్‌రైట్ నా వంక చూసింది. నేను దాని వంక చూశాను. మేం ఈ సంగతి ఆలోచించలేదు.

ఆయన గ్లాసు నింపి స్వయంగా నా చేతికిచ్చాడు. బస్సు ఆగిన చోటల్లా, ఆయనకి ఒక గ్లాసు, నాకు ఒక గ్లాసు. వద్దంటే మా ఆట బయటపడుతుంది. తాగాను. రైట్‌రైట్ టిక్కెట్లు ఇస్తున్నట్టు నటిస్తూ వెనక సీట్లలోకి జారుకుంది, ద్రోహి.

వంతెన మీద బళ్లన్నీ నిలిచిపోయి ఉన్నాయి. ముందు ఎవరిదో లారీ ఆగిపోయిందట. ఎండ, హారన్లు, కదలిక లేదు. మాట్లాడుతూ ఉన్న మనిషి నెమ్మదిగా మాటలు తగ్గించాడు. కాలు మీద కాలు వేసుకున్నాడు. తీశాడు. మళ్లీ వేసుకున్నాడు. కిటికీ పైన రాసి ఉన్న పొగ తాగరాదు, ఉమ్మి వేయరాదు అన్నీ శ్రద్ధగా చదివాడు. చివరికి గొంతు తగ్గించి, "చివరి స్టాపు ఇంకెంత దూరం?" అని అడిగాడు.

"వచ్చేసినట్టే సార్, ఇంకో గ్లాసు తాగేలోపు" అంది రైట్‌రైట్ వెనక నుంచి.

"వద్దమ్మా" అన్నాడు. ఆ "వద్దమ్మా"లో ఉత్తర్వు లేదు.

లారీ కదిలింది. ఇక నా అవస్థ చెప్పను. గుంత వస్తే ఇద్దరం ఒకేసారి "అబ్బా" అన్నాం. "కొంచెం నెమ్మదిగా పోనివ్వండి" అన్నాడు. రెండు నిమిషాలాగి, "కాదు, కొంచెం తొందరగానే" అన్నాడు. నేను స్టీరింగు మీదికి వంగి, పళ్లు బిగించి నడిపాను. నా జీవితంలో అంత జాగ్రత్తగా బస్సు ఎప్పుడూ నడపలేదు.

బస్సు పూర్తిగా ఆగకముందే దిగాడు. అలా దిగకూడదని ఆయనదే ఒక సర్క్యులర్ ఉంది. గొడుగు సీట్లోనే వదిలేసి, పచ్చ తలుపు దగ్గరికి నడకా కాదు పరుగూ కాదు, అదో రకంగా వెళ్లాడు. తాళం చూశాడు. బోర్డు చూశాడు. వెనక్కి తిరిగి, "తాళంచెవి?" అన్నాడు.

"మీ గదిలో మేకుకి ఉంది సార్" అన్నాను.

ఆయన మొహం చూడాల్సింది నువ్వు. రైట్‌రైట్ అప్పటికే ఎదురింటికి పరుగెత్తి దర్జీ ఆవిడ తలుపు కొట్టింది. ఆవిడ బట్టలు ఇవ్వడానికి ఎటో వెళ్లింది, ఇల్లు తాళం. ఇప్పుడు మా ఇద్దరికీ దిక్కు లేదు. నవ్వులాట ఎప్పుడో పోయింది.

"బస్సులో జాకీ రాడ్డు ఉంటుందా?" అన్నాడు.

తెచ్చిచ్చాను. ఎలా నడిచి తెచ్చానో అడగకు. ఆ ఇస్త్రీ చొక్కాతోనే రాడ్డు తాళంలో దూర్చి, గొళ్లెం ఊడి వచ్చేదాకా పీకాడు. తలుపు తెరుచుకుంది. లోపల సాలెగూళ్లు. ఆయన లోపలికి ఒక అడుగు వేసి ఆగిపోయాడు. తిరిగి నన్ను చూశాడు. నేను గోడ పట్టుకుని నిలబడి ఉన్నాను, ఒక కాలు మీంచి ఇంకో కాలు మీదికి మారుతూ.

పక్కకి జరిగాడు. "మీరు వెళ్లండమ్మా" అన్నాడు.

"ఫరవాలేదు సార్, మీరు..."

"వెళ్లండి. నాకు ఇది ఈ ఒక్కరోజే. మీకు రోజూ ఉన్నదేగా."

వెళ్లాను. లోపల తలుపేసుకున్నాక ఎందుకో కళ్లలో నీళ్లు వచ్చాయి. అంత తాగితే కళ్లలోంచి కూడా వస్తాయేమోలే.

కుళాయి తిప్పితే బుస్సుమని గాలి తప్ప చుక్క రాలేదు. క్యాన్లలో మిగిలిన నీళ్లే పనికొచ్చాయి. తరవాత ఆయనా వెళ్లి వచ్చి బస్సు మెట్ల మీద కూర్చున్నాడు. "అర్జీ ఇచ్చారు కదూ" అన్నాడు.

"పరిశీలనలో ఉంది సార్" అన్నాను.

"ఇదంతా మీరు కావాలనే చేశారా?"

"ఉత్తర్వు పాటించాం సార్" అంది రైట్‌రైట్.

ఆయన దాని వంక చూశాడు, నా వంక చూశాడు. లేచి చొక్కా దులుపుకున్నాడు. "డిపోకి పోనివ్వండి. దారిలో మాత్రం నాకు ఎవరూ ఏమీ ఇవ్వకండి" అన్నాడు. నవ్వాడా లేదా అన్నది నాకూ రైట్‌రైట్‌కీ ఇంకా తేలలేదు.

రేపు డ్యూటీకి వెళ్తే ఏముంటుందో తెలియదు. తాళం పగిలింది, అది ఆయనే పగలగొట్టాడు. కానీ పై అధికారిని ఆ స్థితికి తెచ్చింది మేం. ఉద్యోగం ఉంటే మళ్లీ రాస్తాను.

అక్క


మళ్లీ బేకరీ వెనక గది,
చేతిలో గ్లాసుతో.

అక్కా,

నీ ఉత్తరం వార్డులో గట్టిగా చదివాను. మేస్త్రీ నవ్వీ నవ్వీ పొలమారాడు. నర్సమ్మ వచ్చి నిలబడి, మమ్మల్ని కసురుదామని నోరు తెరిచి, జాకీ రాడ్డు దగ్గర తనే గోడకి ఆనుకుంది. "మాకూ రాత్రి డ్యూటీల్లో ఇదే గతి" అంది నవ్వు ఆపుకుంటూ. నువ్వు లోపలికి వెళ్లిన భాగం వచ్చేసరికి మాత్రం ఎవరూ నవ్వలేదు.

ఇంకో వార్త. రాయి పోయింది. పోయినప్పుడు నేను పెట్టిన కేక విని నీ మరదలు చేతిలో పళ్లెం వదిలేసింది. ఆ రాయిని చూస్తే నువ్వుగింజంత లేదు. ఇంత చిన్నదా నన్ను నేల మీద దొర్లించింది అని కోపం వచ్చింది. ఇప్పుడు దుకాణంలో నీ మరదలు కొత్త పద్ధతి పెట్టింది. నేను గ్లాసు ఖాళీ చేస్తేగాని తను రొట్టెలు పొయ్యిలో పెట్టనివ్వదు. రొట్టెలు ఆలస్యమైతే కొనేవాళ్లు నన్ను తిడతారు. చాలా దుర్మార్గమైన ఏర్పాటు, పనిచేస్తోంది.

కానీ నాకు నిద్ర పట్టడం లేదు. ఆ ఆలోచన ఇచ్చింది నేను. మంచం మీద పడుకుని తమాషాగా రాసేశాను. ఏమైందో వెంటనే రాయి. ఆయన నీ మీద చర్యా గిర్యా అంటే, చెప్పింది మా తమ్ముడని చెప్పేయి. నేను వచ్చి ఒప్పుకుంటాను.

తమ్ముడు


డిపోలో డ్రైవర్ల గది,
పంకా కింద.

తమ్ముడూ,

ఉద్యోగం ఉంది. ఆలస్యంగా రాస్తున్నందుకు తిట్టకు. ఏం రాయాలో నాకే తెలియలేదు.

మర్నాడు భయపడుతూ వెళ్లి ముందు గోడ చూశాం. కొత్త సర్క్యులర్ లేదు. ఆ మర్నాడూ లేదు. రైట్‌రైట్‌కి ఆ ఖాళీ గోడ చూసి ఇంకా భయమేసింది, "ఈయన ఏదో పెద్దదే టైపు చేయిస్తున్నాడు" అంది. మూడోనాడు చివరి స్టాపుకి వెళ్లేసరికి పచ్చ తలుపు తీసి ఉంది. వడ్రంగి లోపలి వైపు గడియ బిగిస్తున్నాడు. కుళాయి పనివాడు పైపు మారుస్తున్నాడు. బయట మళ్లీ గొళ్లెం పెట్టలేదు, ఇక తాళం వేద్దామన్నా వేసే చోటు లేదు. ఎవరు పంపారయ్యా అంటే, "మేనేజరుగారు నిన్న వచ్చి నిలబడి చెప్పి వెళ్లారు, కాగితం కూడా ఇవ్వలేదు" అన్నాడు వడ్రంగి. నోటితో చెప్పాడట. డిపో అంతా ఇదే ముచ్చట. మిగతా రూట్ల చివరి స్టాపులకి కూడా ఆయన తనే బస్సెక్కి వెళ్లి చూసి వస్తున్నాడు. ఏ బస్సెక్కినా ముందు, "నాకు నీళ్లు వద్దు" అంటున్నాడట.

నేను ఆయన గదికి వెళ్లాను. క్షమించమని అడుగుదామని నోరు తెరిచాను. "సెలవు కావాలా?" అన్నాడు తలెత్తకుండా. "మీ తమ్ముడికి బాలేదని విన్నాను. ఎప్పుడు కావాలి?" అన్నాడు. అనుకున్న మాటలన్నీ మరిచిపోయి, "శనివారం సార్" అన్నాను.

దర్జీ ఆవిడ మాత్రం అలిగింది. స్టాపులో నన్ను ఆపి, "మా ఇంటికి రావడం ఎందుకు మానేశారు? నేనేమైనా అన్నానా? మీరొస్తారని మధ్యాహ్నాలు తలుపు దగ్గరగా వేసి ఉంచేదాన్ని" అంది. ఆవిడ మొహం మారుతుందని మాకు మేమే ఊహించుకున్నాం. ఇప్పుడు పని లేకపోయినా వెళ్లి ఆవిడ దగ్గర కాసేపు కూర్చుని వస్తున్నాం.

నీళ్లు తాగుతున్నాను. రైట్‌రైట్‌ని అడుగు కావాలంటే, ఈ కవరు కూడా అదే వేస్తుంది, ఎలాగూ చదువుతుంది. మొదటి రెండు మూడు రోజులు సీసా ఎత్తితే చెయ్యి దానంతటదే ఆగేది. ఇప్పుడు ఆగడం లేదు. సాయంత్రాలు తలనొప్పి రావడం లేదు. ఆ తలనొప్పి వయసు వల్ల అనుకునేదాన్ని.

శనివారం పొద్దున మీ ఊరి బస్సెక్కుతున్నాను. పెద్ద దూరం, నిండా ఎండ. ఇంతకుముందైతే ముందురోజు సాయంత్రం నుంచే నోరు కట్టేసుకునేదాన్ని. ఈసారి రెండు సీసాలు తెచ్చుకుంటున్నాను, దారిలో రెండూ తాగుతాను. అవసరమైన చోట లేచి నిలబడి, బస్సు ఆపమని డ్రైవరుని గట్టిగా అడుగుతాను. ఆపుతాడు. ఆపనంటే ఏం గొడవ పడను. ఎంతో మర్యాదగా ఆయనకి ఒక గ్లాసు నీళ్లిస్తాను.

అక్క